ఆగి చూసేవాళ్లకు కారణాలుంటాయి

కొత్త పద్ధతులు జనంలోకి ఎలా వెళ్తాయో చెప్పే ఒక వ్యాసం చదివాను. కొత్తదాన్ని ఎంత త్వరగా అందుకుంటారన్నదాన్ని బట్టి జనాన్ని గుంపులు చేస్తూ అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఎవరెట్ రోజర్స్ 1962లో చేసిన విభజనలో, అందరికన్నా చివర వచ్చే 16 శాతం మందిని ఆ వ్యాసం 'మార్పంటే గిట్టనివాళ్లు' అనేసింది. నాకది మింగుడుపడలేదు.

బెంగళూరు కేఆర్ మార్కెట్ దగ్గర పూలమ్మే హిందూపురం అక్క చాలాకాలం క్యూఆర్ కోడ్ పెట్టుకోలేదు. డబ్బు పడిందో లేదో ఇంగ్లిష్ మెసేజ్ చూసి తెలుసుకోవాలి. పండగ గిరాకీలో మూరలు కొలుస్తూ ఫోన్ ఎక్కడ చూస్తుంది? ఒక్కరు ఎగ్గొట్టినా పొద్దుటి లాభం పోయినట్టే. డబ్బు పడగానే పైకి చెప్పే స్పీకర్ డబ్బా పక్క కొట్టులో పనిచేయడం కళ్లారా చూశాక తనూ పెట్టించుకుంది.

అమెరికాలోని అయోవా రాష్ట్ర రైతులు హైబ్రిడ్ మొక్కజొన్నకు ఎలా మారారో పరిశోధకులు రయాన్, గ్రాస్ 1943లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే కనిపిస్తుంది. కబురు మొదట తెచ్చింది ఎక్కువగా విత్తనాల అమ్మకందార్లు, నమ్మకం కలిగించింది ఇరుగుపొరుగు రైతులు. పైగా ఆ విత్తనం ఏటా కొనాల్సిందే. చేతిలో డబ్బాడని రైతు ఆగి చూస్తే తప్పేముంది?

అసలు రోజర్స్ గుంపుల శాతాలు మధ్యలో ఎత్తుగా, రెండు పక్కలా వాలుగా ఉండే గంట ఆకారపు గ్రాఫును ముక్కలు చేస్తే వచ్చినవి, ఎవరి స్వభావాన్నీ కొలిచి తీసినవి కావు. కొత్తది బెడిసికొడితే నష్టం ఎవరి నెత్తిన పడుతుందో కూడా వ్యాసకర్తగారు తర్వాతి భాగంలో రాయాలని కోరుతున్నాను.