తిరిగి వెళ్ళేవాడి పరువు కోసం ఒక ఉత్తరం

యేసు అపొస్తలుడు పౌలు చెరసాలలోంచి సంఘాలకు రాసిన పత్రికలు, అంటే ఉత్తరాలు, అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఫిలిప్పీ ఊరి క్రైస్తవులకు రాసినదే. "ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న మాట క్యాలెండర్ల మీద, హాల్లో ఫ్రేముల్లో చూస్తూనే ఉంటాం. నాకు మాత్రం అందులో ఎక్కువ ధైర్యమిచ్చేది రెండో అధ్యాయం చివరి ఆరు వచనాలు. నేను విన్న ప్రసంగాల్లో వాటి ఊసు తక్కువ.

పౌలు సంకెళ్ళలో ఉన్నాడు. అది రోమాలోనని సంప్రదాయం; ఎఫెసు అనీ, కైసరయ అనీ వాదించే పండితులూ ఉన్నారు. ఆ కాలంలో ఖైదీకి కడుపు నిండాలంటే చాలావరకు అయినవాళ్ళే చూసుకోవాలి. ఫిలిప్పీ సంఘానికి ఆ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. పౌలునూ అతని జతగాడు సీలనూ బెత్తాలతో కొట్టి, కాళ్ళకు బొండ బిగించింది వాళ్ళ ఊళ్ళోనే. అందుకే తలా కొంత వేసుకుని, తమలో ఒకడైన ఎపఫ్రొదితు చేతికిచ్చి పంపారు. డబ్బూ పంపారు, దగ్గరుండి చూసుకునే మనిషినీ పంపారు.

ఆ మనిషే జబ్బుపడి చావు దాకా వెళ్ళాడు. కబురు ఊరికి చేరింది. తనకు బాగాలేదని ఇంటి దగ్గర తెలిసిపోయిందే అని అతను కుమిలిపోయాడట! ఆసుపత్రి మంచం మీద కెమెరా ఆపేసి, "నెట్ సరిగా లేదమ్మా, మామూలు కాల్ చేస్తా" అన్నవాళ్ళకు ఈ వచనం ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

పౌలు అతన్ని ఇంటికి పంపేశాడు. పనిమీద పంపిన మనిషి మధ్యలో తిరిగొస్తే ఊరు ఏమనుకుంటుందో ఆయనకు తెలియదా? అందుకే "నా సహోదరుడును, జతపనివాడును, నాతోడి యోధుడును" అని పేరుపేరునా హోదాలిచ్చాడు. క్రీస్తు పనికోసం ప్రాణాన్ని లెక్కచేయలేదన్నాడు. సంతోషంగా చేర్చుకోండి, "అట్టివారిని ఘనపరచుడి" అన్నాడు. తన కేసు ఎటు తేలుతుందో తెలియని ఖైదీ, తనకు ఉపచారం చేయడానికొచ్చిన మనిషినే వదులుకుని, అతని తరఫున ఊరితో మాట్లాడాడు. పౌలు పెద్దమనసు నాకు ఇక్కడ కనిపించినంతగా ఇంకెక్కడా కనిపించదు.

మన దగ్గర, ఈ అమెరికాలో? ఉద్యోగం పోయి, హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్న 60 రోజుల గడువులో ఇంకోటి దొరక్క ఇండియా వెళ్ళిపోయే కుటుంబాలున్నాయి. ఒంట్లో బాగోక చదువు సగంలో ఆపేసిన పిల్లలున్నారు. సోఫా, మంచాలు అమ్మేసుకుని చడీచప్పుడు లేకుండా విమానం ఎక్కుతారు. అక్కడ చుట్టాలు "ఏం, వచ్చేశారు?" అంటారు. ఇక్కడ మనం "పాపం, నిలదొక్కుకోలేకపోయారు" అంటాం. ఉగాది స్టేజీ మీద శాలువాలు మాత్రం నెగ్గినవాళ్ళకే.

మన తెలుగు సంఘం ఈ ఏడాది ఈ పద్ధతి మార్చాలి. వెళ్ళేవాళ్ళను నలుగురి ముందు పిలిచి శాలువా కప్పండి. ఉగాది వంటల్లో, పిల్లల తెలుగు బడిలో వాళ్ళు పడ్డ కష్టాన్ని పేరుపెట్టి చెప్పండి. వాళ్ళు ఇల్లు చేరేలోపే ఊళ్ళో అమ్మానాన్నలకు ఫోన్ చేసి, "మీ అబ్బాయి మాకు ఎంతో చేశాడండీ" అని ఆ నాలుగు మాటలూ చెప్పండి.