తలలు లెక్కించకుండానే తలసరి

2025 మార్చిలో బడ్జెట్‌తోపాటు శాసనసభ ముందు పెట్టిన సామాజిక ఆర్థిక నివేదిక 2024–25 సంవత్సరానికి తెలంగాణ తలసరి ఆదాయాన్ని రూ.3,79,751గా చూపింది. అదే ఏడాది దేశ సగటు రూ.2,05,579. రాష్ట్రం ఏర్పడిన 2014–15లో ఇక్కడి తలసరి సుమారు రూ.1.24 లక్షలు. ధరల పెరుగుదలను తీసేసి చూసినా ఇది చెప్పుకోదగ్గ ఎదుగుదలే. అనుమానించాల్సింది భాగహారంలో కింద ఉన్న జనాభా అంకెను, అంటే హారాన్ని. తెలంగాణ రాష్ట్రమయ్యాక ఇక్కడ జనాభా లెక్కలు ఒక్కసారీ జరగలేదు. జనగణనలో తొలి దశగా 2020 ఏప్రిల్‌లో మొదలు కావాల్సిన ఇళ్ల జాబితా కొవిడ్ వల్ల ఆగింది. 2027 ఫిబ్రవరిలో గణన జరిగే దాకా మనకున్నది ఉమ్మడి రాష్ట్రంలో 2011లో తీసిన లెక్కే.

తలసరి ఎలా వస్తుందో చూద్దాం. రాష్ట్రంలో ఏడాదిలో జరిగిన ఉత్పత్తి విలువలోంచి యంత్రాలు, భవనాల తరుగుదల తీసేస్తే నికర ఉత్పత్తి. దాన్ని అక్టోబరు 1 నాటి అంచనా జనాభాతో భాగిస్తారు. ఆ జనాభా 2011 లెక్కకు జనన, మరణ, వలసల అంచనాలు కలిపి కట్టినది. హారంలో 5 శాతం తేడా వచ్చిందంటే తలసరి రూ.18 వేల మేర అటో ఇటో జరుగుతుంది. పత్రికల్లో ‘ఏడాదిలో ఇంత పెరిగింది’ అని రాసే మొత్తంలో పెద్ద ముక్క ఇలా హారంలోని దోషంలోనే పోవచ్చు.

ఇప్పుడు ఈ రాష్ట్రంలో ఎంతమంది ఉన్నారు? 2011 లెక్క ప్రకారం పోలవరం ముంపు మండలాలు పోగా 3.5 కోట్లు. కేంద్రం నియమించిన సాంకేతిక బృందం అంచనా 2021కే 3.77 కోట్లు, ఆ దారిలో 2024కు 3.8 కోట్ల పైచిలుకు. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరు, డిసెంబరు నెలల్లో జరిపిన సమగ్ర ఇంటింటి కుటుంబ సర్వేలో నమోదైనవారు 3,54,77,554 మంది. 96.9 శాతం ఇళ్లు సర్వేలోకి వచ్చాయన్నారు కాబట్టి మిగిలిన ఇళ్లనూ అదే పాళ్లలో కలిపితే 3.66 కోట్లు. అంచనాకూ సర్వేకూ మధ్య దాదాపు 15 లక్షల మంది తేడా.

దీని పక్కన ఓటర్ల జాబితాను పెట్టి చూడాలి. 2024 లోక్‌సభ ఎన్నికల నాటికి తెలంగాణ ఓటర్లు సుమారు 3.3 కోట్లు. 3.66 కోట్ల జనాభాలో 3.3 కోట్లు పెద్దవాళ్లే అయితే 18 ఏళ్లలోపు పిల్లలకు మిగిలేది 36 లక్షలే. 2011లో ఆరేళ్లలోపు పిల్లలే ఇక్కడ దాదాపు 39 లక్షల మంది ఉన్నారు. ఏడు వయసుల వారికి 39 లక్షలంటే ఏడాదికి ఐదున్నర లక్షలు. జననాలు తగ్గాయి కాబట్టి ఏడాదికి 5 లక్షలే అనుకున్నా, పద్దెనిమిదేళ్ల లోపువారు 90 లక్షలుండాలి. ఈ లెక్కన ఓటర్ల జాబితాలో యాభై లక్షలకు పైగా పేర్లకు మనుషులు కనబడరు, లేదా సర్వే లక్షల మందిని వదిలేసింది. రెండూ కొంత కొంత జరిగి ఉంటాయన్నది మా అభిప్రాయం. సొంతూళ్లో ఓటు ఉంచుకుని ఉప్పల్‌లోనో కూకట్‌పల్లిలోనో మరో ఓటు రాయించుకున్న కుటుంబాలు, చనిపోయినా తొలగని పేర్లు జాబితాను ఉబ్బించాయి. తాళం వేసిన ఫ్లాట్లు, వివరాలు ఇవ్వనన్న ఇళ్లు, పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు సర్వేను కుదించారు. ఏది ఎంత అన్నది తేల్చగలిగేది జనగణన ఒక్కటే.

రాష్ట్రం మొత్తానికి ఈ తేడా నాలుగైదు శాతం. జిల్లాల దగ్గరికి వచ్చేసరికి అది చాలా పెద్దదవుతుంది. 2001–2011 మధ్య హైదరాబాద్ జిల్లా జనాభా పెరిగింది 3 శాతం లోపే. అదే కాలంలో నగరాన్ని చుట్టుకుని ఉన్న పాత రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగింది. నగరం నడిబొడ్డున జనం నిండిపోయి అంచుల మీదికి పాకింది. ఆ తర్వాతి పదిహేనేళ్లలో కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్, కొల్లూరు, బాచుపల్లి, ఆదిభట్ల ఏమయ్యాయో నగరవాసులకు చెప్పనక్కర్లేదు. 2011లో ఊళ్లుగా లెక్కకొచ్చిన చోట ఇప్పుడు ముప్పై నలభై అంతస్తుల టవర్లున్నాయి. పాత వృద్ధి రేటును ముందుకు పొడిగించి కట్టే అంచనాకు ఇవి అందవు.

మరోవైపు 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేటలతో 33. నాడు 459గా ఉన్న మండలాలు 600 దాటాయి. కొత్త జిల్లాల జనాభా అని మనం చదువుతున్నవి 2011 నాటి గ్రామాల సంఖ్యలను కొత్త గీతల ప్రకారం కూడినవి. గ్రామం మొత్తంగా ఒక జిల్లాలోకి వెళ్తే ఇది పనిచేస్తుంది. తండా విడిపోయి పంచాయతీ అయినచోట పనిచేయదు. జనగణనకు ప్రమాణం రెవెన్యూ గ్రామం, మన పథకాలకు ప్రమాణం పంచాయతీ. ఒకే రెవెన్యూ గ్రామంలో మూడు పంచాయతీలుంటే వాటి జనాభా ఎంతన్నది కార్యదర్శి రిజిస్టరే చెప్పాలి.

జిల్లాల తలసరి ఆదాయాల్లో రంగారెడ్డిది మొదటి స్థానం, వికారాబాద్ అట్టడుగున ఉన్న వాటిలో ఒకటి. ఇటీవలి అంచనాల్లో మొదటిది రెండోదానికి సుమారు ఐదింతలు. 2016 దాకా ఈ రెండు జిల్లాల్లో అధిక భాగం ఒకే జిల్లా. గీత గీసిన మర్నాడు తాండూరు రైతు పేదవాడు కాలేదు, శేరిలింగంపల్లిలో అద్దెకుండేవాడు ధనికుడూ కాలేదు. జిల్లా స్థూల ఉత్పత్తి పని జరిగిన చోట లెక్కకొస్తుంది, జనాభా నిద్రపోయే చోట లెక్కకొస్తుంది. రాయదుర్గం, నానక్‌రామ్‌గూడల్లోని ఐటీ కార్యాలయాల ఉత్పత్తి రంగారెడ్డి ఖాతాలో పడుతుంది. అక్కడ పనిచేసి కూకట్‌పల్లికి వెళ్లే ఉద్యోగి మేడ్చల్–మల్కాజిగిరి జనాభాలో ఉంటాడు. పైగా జిల్లా ఉత్పత్తిలో చాలా భాగం కొలిచింది కాదు, పంచింది. రైల్వే, టెలికాం, బ్యాంకుల విలువను కేంద్ర గణాంక శాఖ రాష్ట్రాలకు పంచుతుంది. రాష్ట్రం సూచికలను బట్టి జిల్లాలకు పంచుతుంది. అసంఘటిత రంగంలో పనివాళ్ల సంఖ్యను ఒక్కొక్కరి సగటు ఉత్పత్తితో గుణిస్తారు. ఆ సంఖ్యకు మూలం మళ్లీ 2011 లెక్కలు, నమూనా సర్వేలే. జాతీయ ఆదాయ శ్రేణి 2011–12 ఆధార సంవత్సరాన్ని వదిలి 2022–23కు మారినా, పనివాళ్ల పంపిణీకి తాజా గణన వచ్చేదాకా ఈ లోటు తీరదు.

చిన్న రాష్ట్రాలకు ఈ వక్రీకరణ కొత్త కాదు. 2011లో 6.1 లక్షల జనాభా ఉన్న సిక్కింలో కొన్ని జలవిద్యుత్ కేంద్రాలు, మందుల ఫ్యాక్టరీలు వచ్చేసరికి తలసరి ఆకాశానికి లేచింది. లాభాల్లో చాలా భాగం పోయేది బయటి వాటాదార్లకు. కేంద్ర పన్నులను రాష్ట్రాలకు పంచే సూత్రం చెప్పే 15వ ఆర్థిక సంఘం కూడా తలసరి ఆదాయాలను పోల్చేందుకు గోవా, సిక్కింలను కొలబద్దగా తీసుకోకుండా మూడో స్థానంలోని హరియాణాను ఎంచుకుంది. మన 33 జిల్లాల్లో చాలావరకు ఆ పరిమాణపు రాష్ట్రాల్లాంటివే, రంగారెడ్డి అంకెకూ ఆ జాగ్రత్త అవసరం. ఇందుకు వ్యతిరేక దిశలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాలున్నాయి. గల్ఫ్ నుంచి ఇంటికి వచ్చే డబ్బు రాష్ట్ర ఉత్పత్తిలోకి రాదు, పంపే మనిషి జనాభా లెక్కలోకీ రాడు. ఆ ఇంటి ఖర్చులో మాత్రం అది కనిపిస్తుంది.

కాబట్టి ఇంటి ఖర్చును చూడాలి. 2023–24 గృహ వినియోగ సర్వేలో తెలంగాణ పల్లెల్లో మనిషికి నెలకు సగటు ఖర్చు రూ.5,435, పట్టణాల్లో రూ.8,978. దేశ సగటులు రూ.4,122, రూ.6,996. అంటే మన కుటుంబాల ఖర్చు దేశం కన్నా ముప్పై శాతం అటూ ఇటూ ఎక్కువ. తలసరి ఆదాయమేమో 85 శాతం ఎక్కువ. ఈ రెండింటి మధ్య దూరంలో కంపెనీల లాభాలు, పొదుపు, రాష్ట్రం బయటికి పోయే ఆదాయం అన్నీ ఉన్నాయి. పనిచేసేవారిలో నలభై శాతానికి పైగా వ్యవసాయంలో ఉంటే, రాష్ట్ర ఉత్పత్తిలో వ్యవసాయ, అనుబంధ రంగాల వాటా 17 శాతం చుట్టూ ఉంది. పేదరికాన్ని, పింఛన్లను, బడులను ఆలోచించేటప్పుడు చేతిలో ఉండాల్సింది వినియోగపు అంకె.

ఈ తప్పుల ఖర్చు కాగితాల మీద ఆగదు. ఆహార భద్రతా చట్టం కింద కేంద్రం తెలంగాణకు గుర్తించిన లబ్ధిదారులు 1.91 కోట్లు. అది 2011 జనాభా మీద కట్టిన పరిమితి. అంతకు మించిన కార్డుల బియ్యం భారం రాష్ట్రానిదే. కేంద్ర పన్నుల వాటా 14వ ఆర్థిక సంఘం కాలంలో 2.437 శాతం ఉండగా 15వ సంఘం దాన్ని 2.102కు తగ్గించింది. 15వ సంఘం సూత్రంలో 45 శాతం బరువు తలసరి ఆదాయపు దూరానికి ఉండేది, అంటే కొలబద్ద రాష్ట్రం కన్నా తలసరి ఎంత తక్కువైతే వాటా అంత ఎక్కువ. హారం తగ్గి తలసరి ఉబ్బితే రాష్ట్రం డబ్బు పోగొట్టుకుంటుంది.

ఇక జనగణనలో ఎక్కడెక్కడ మనుషులు జారిపోతారో చూద్దాం. ఇళ్ల జాబితా దశ 2026 ఏప్రిల్–సెప్టెంబరు మధ్య ఒక్కో రాష్ట్రంలో 30 రోజులు. ఫిబ్రవరి గణనకు పునాది ఆ జాబితాయే. అందులో లేని ఇల్లు ఎన్యూమరేటర్ (ఇంటింటికీ తిరిగి లెక్క రాసే ఉద్యోగి) కంట పడకుండా పోయే ప్రమాదముంది. ఒక్కో ఎన్యూమరేటర్‌కు అప్పగించే బ్లాకులో కొన్ని వందల మంది జనాభా ఉండేలా గీతలు గీస్తారు. పాత పటం మీద గీసిన బ్లాకులో కొత్తగా రెండు టవర్లు లేచి ఉంటే ఒక్క ఎన్యూమరేటర్‌కు మూడు బ్లాకుల పని పడుతుంది. అతను సొసైటీ కార్యాలయం ఇచ్చిన ఫ్లాట్ల జాబితాతో సరిపెట్టుకునే ప్రమాదముంది. సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ కుటుంబం, పైకప్పు మీద గదిలో ఉండే పనివాళ్లు ఆ జాబితాలో ఉండరు. మున్సిపాలిటీలు తాజా నిర్మాణ అనుమతులు, విద్యుత్ సంస్థలు మీటర్ల సంఖ్య ఇస్తే ప్రతి బ్లాకులో ఇళ్ల సంఖ్యను ముందే పోల్చి చూడవచ్చు. పదిహేను శాతానికి మించి తేడా వచ్చిన బ్లాకును సూపర్‌వైజర్ స్వయంగా తిరిగి చూడాలన్న నియమం పెట్టాలి.

రెండోది సరిహద్దులు. 2025 డిసెంబరు 31తో పాలనా సరిహద్దులు స్తంభించాయి. అంతకు కొద్ది వారాల ముందే అవుటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 27 పట్టణ సంస్థలు జీహెచ్‌ఎంసీలో కలిశాయి. నిన్నటి దాకా కమిషనర్ ఉన్న మున్సిపాలిటీలో ఇప్పుడు గణన బాధ్యత చూసే చార్జ్ అధికారి ఎవరో, ఏ వీధి ఏ వార్డులో ఉందో సిబ్బందికి స్పష్టంగా తెలియాలి. రెండు వార్డుల మధ్య వీధి ఇద్దరికీ కాకుండా పోవడం గణనలో జరిగే లోపం. పక్కపక్క బ్లాకుల ఎన్యూమరేటర్లు హద్దు మీద కలిసి నడిచి సంతకాలు చేయడం దీనికి పాత, పనిచేసే మందు.

మూడోది వలస. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా గణన జరిగింది, 28 రాత్రి ఇల్లు లేనివారిని లెక్కించారు, మార్చి 1–5 మధ్య సవరించారు. ఆ ఇరవై రోజులూ ఊళ్లో లేని మనిషిని ఊళ్లో రాయరు; ఉన్నచోటే రాయాలి. ఫిబ్రవరి అంటే ఇటుక బట్టీలు పూర్తిగా నడిచే కాలం. ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు అప్పుడు బట్టీల దగ్గరే ఉంటాయి. నిర్మాణ స్థలాల్లో రేకుల షెడ్లలో బిహార్, ఉత్తరప్రదేశ్ కూలీలుంటారు. కార్మిక శాఖ, గనుల శాఖ దగ్గరున్న బట్టీలు, క్వారీలు, పెద్ద నిర్మాణ స్థలాల జాబితాను చార్జ్ అధికారులకు ఇవ్వాలి. ఒడియా, హిందీ వచ్చిన సిబ్బందిని అక్కడికి పంపాలి. పాలమూరు నుంచి ముంబయి, పుణె వెళ్లినవారి విషయంలో ఊళ్లో ఉన్న పెద్దలకు ముందే చెప్పాలి: ఇక్కడ పేరు రాయించకపోతే రేషన్ కార్డు పోదు. ఆ భయంతోనే ఒకే మనిషి రెండుచోట్ల నమోదవుతాడు. అమీర్‌పేట హాస్టళ్లకూ, ఇంటర్ రెసిడెన్షియల్ కళాశాలలకూ ఇదే వర్తిస్తుంది. విద్యార్థిని హాస్టల్‌లో రాస్తే ఇంట్లో రాయకూడదు.

2011 గణన తర్వాత జరిపిన తనిఖీ సర్వే దేశంలో ప్రతి వెయ్యి మందిలో 23 మంది లెక్కలోకి రాలేదని తేల్చింది. తెలంగాణకు అదే పాళ్లు వేస్తే 8 లక్షల మంది. ఈసారి రాష్ట్ర అర్థ గణాంక శాఖ హైదరాబాద్ చుట్టుపక్కల జిల్లాల్లో ఎక్కువ బ్లాకులు తీసుకుని ఇలాంటి తనిఖీని విడిగా చేయాలని కోరుతున్నాం.

రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీ కోసం ఎదురుచూడకుండా చేయగలిగినవీ ఉన్నాయి. 2011 గణనలో గ్రామాలకు ఇచ్చిన సంకేత సంఖ్యలను నేటి మండలం, జిల్లా, పంచాయతీలతో జతచేసే పట్టికను డౌన్‌లోడ్ చేసుకునేలా ప్రచురించాలి. ఇంటింటి సర్వే వివరాలను పేర్లు, చిరునామాలు తీసేసి మండలాల వారీగా, వయసుల వారీగా విడుదల చేయాలి. ఓటర్ల జాబితాతో పోల్చగలిగేది అప్పుడే. జిల్లా తలసరి ప్రకటించే ప్రతి పట్టికలో ఏ రంగపు విలువను ఏ సూచికతో పంచారో ఒక వరుస, ఆ జిల్లా కుటుంబ వినియోగం మరో వరుస ఉండాలి. శ్రామిక శక్తి సర్వే 2025 జనవరి నుంచి జిల్లాను ప్రాథమిక విభాగంగా తీసుకుంటోంది. కేంద్ర నమూనాకు రాష్ట్ర నమూనాను కలిపి జిల్లా అంచనాలు తీయడానికి ఖైరతాబాద్‌లోని అర్థ గణాంక శాఖకు, మండల ప్రణాళిక గణాంకాధికారులకు సిబ్బందిని ఈ బడ్జెట్ సంవత్సరంలోనే ఇవ్వాలి. ఫిబ్రవరి గణనలోకి అదే అధికారులు వెళ్లిపోయాక ఈ పనికి ఎవరూ మిగలరు.