ఒకే పార్టీ ఉంటే పనులు ఆగవా?

"ఢిల్లీ నుంచి నియోజకవర్గం దాకా ఒకే పార్టీ ఉంటేనే బిల్లులు ఆగవు, నీళ్లొస్తయి. అమెరికా చూడండి, సభ ఒకరిది, అధ్యక్షుడు ఒకరిదైతే ప్రభుత్వమే బంద్. మన ఎమ్మెల్యే అధికార పార్టీలోకి పోతే తప్పేంది?" పాలమూరు గ్రూపులన్నిట్లో ఇదే తిరుగుతోంది. చదువుకున్న దోస్తులే పంపుతుంటే ఊరుకోబుద్ధి కావట్లేదు.

బిల్లులు ఆగవా? 2014 జనవరిలో కేంద్రంలో కాంగ్రెస్, రాష్ట్రంలో కాంగ్రెస్. తెలంగాణ బిల్లును తిప్పి పంపాలని అసెంబ్లీలో తీర్మానం పెట్టింది ఆ పార్టీ ముఖ్యమంత్రే. మూజువాణి ఓటుతో నెగ్గించుకున్నారు కూడా. ఫిబ్రవరిలో పార్లమెంటులో బిల్లు గట్టెక్కిందంటే ప్రతిపక్షంలో ఉన్న బీజేపీ చెయ్యి కలిపినందుకే. అంత తొందరగా ఎట్ల మరిచిపోయిండ్రు?

అమెరికా ముచ్చటా తప్పే. 2025 అక్టోబర్‌లో అధ్యక్షుడు, రెండు సభలు రిపబ్లికన్లవే. ఖర్చుల బిల్లుకు సెనేట్‌లో కావాల్సిన 60 ఓట్లు కూడక 43 రోజులు ప్రభుత్వం మూతపడింది.

ఒకటి ఒప్పుకుంటా. పార్టీ కలిస్తే ఢిల్లీ చెయ్యి కొంచెం వదులవుతుంది. 2023 కేంద్ర బడ్జెట్‌లో కర్ణాటక అప్పర్ భద్ర సాగునీటి ప్రాజెక్టుకు 5,300 కోట్లు ప్రకటించారు. అప్పుడు రెండు చోట్లా బీజేపీయే. మన పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకానికి జాతీయ హోదా అడిగి అడిగి గొంతులు పోయినయి. అది వివక్ష. వివక్ష చేసినోళ్లను నిలదీయాలె గానీ, వాళ్లకు లొంగిపొమ్మని జనానికి చెప్తారా?

ఇగ ఎమ్మెల్యేల ఫిరాయింపు. ఈ మెసేజీలో అసలు విషం ఇదే. 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనమైండ్రు. అందులో నకిరేకల్ ఎమ్మెల్యే ఉన్నడు, కొల్లాపూర్ ఎమ్మెల్యే ఉన్నడు. 119 మంది సభలో అధికార పక్షం బలం నూరు దాటింది. కాంగ్రెస్‌కు మిగిలింది ఆరుగురు, ప్రతిపక్ష నేత హోదా కూడా పోయింది. అడ్డుపడేటోళ్లే లేరు గదా, మరి కాలువలు పారినయా? పాలమూరు–రంగారెడ్డి మొదటి పంపుహౌజ్ ఉన్న నార్లాపూర్ కొల్లాపూర్ నియోజకవర్గంలోనిదే. అక్కడ మొదటి మోటార్ ఆన్ చేసింది 2023 సెప్టెంబర్‌లో, ఎన్నికల ముంగట. అదీ ఒక్కటే మోటార్. పొలాలకు నీళ్లు పారే కాలువలు అప్పటికీ కాలేదు.

ఇదే పథకంలోని ఉదండాపూర్ రిజర్వాయర్ కింద ఇల్లు, భూమి పోయిన మనిషి పరిహారం కోసం ఎవరి దగ్గరికి పోవాలె? అధికార పార్టీ ఎమ్మెల్యే తన మంత్రిని సభలో నిలబెట్టి అడుగుతడా? ఓటేసి గెలిపించిన ఎమ్మెల్యే పార్టీ మారితే ఆ మనిషి గొంతు సభలో లేకుండా పోతది. దాన్ని అభివృద్ధి అని నాకు మళ్లీ ఫార్వర్డ్ చేయకండి.