ప్రోగ్రామింగ్ పుస్తకాలకు కాలం చెల్లలేదు

ఇంజినీరింగ్ ప్రవేశాల కాలం రాగానే ఒక సందేశం ఫోన్లలో తిరుగుతుంది. ప్రోగ్రామింగ్ పుస్తకాలు కొనడం దండగ, అచ్చయ్యేలోపే పాతబడతాయి, వీడియోల్లో అంతా ఉచితంగా ఉంది, ఆ ఇంగ్లీషు మన పిల్లలకు అర్థం కాదు, ధరా అందదు, ఇప్పుడు కోడ్ ఎలాగూ ఏఐ రాస్తోంది అని దాని సారాంశం. మా చెల్లెలి కొడుకు అది నాకు పంపి, "నిజమేనా మామయ్యా?" అని అడిగాడు. నిజం కాదు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు పాతబడటం సంగతి. ఫలానా వెర్షన్‌లో ఫలానా బటన్ ఎలా పెట్టాలో చెప్పే పుస్తకం రెండు మూడేళ్లలో పనికిరాకుండా పోతుంది. అంతవరకు ఒప్పుకుంటాను. కానీ రెండు చోట్ల మధ్య దగ్గరి దారి కనుక్కునే పద్ధతిని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ప్రచురించింది 1959లో. సమాచారాన్ని పట్టికలుగా దాచే రిలేషనల్ డేటాబేస్ ఆలోచనను మరో శాస్త్రవేత్త కాడ్ ప్రకటించింది 1970లో. ఇవాళ్టికీ విద్యార్థి నేర్చుకోవలసినవి అవే.

నా అనుభవం ఒకటి చెబుతాను. కాలేజీ ల్యాబ్‌లో సీ భాషలో కోడ్ రాసే టర్బో సీ మీద ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఇచ్చిన సంఖ్య వరకు అన్నిటినీ గుణించిన ఫలితం) ప్రోగ్రాం రాశాను. 7 ఇస్తే 5040 సరిగ్గా వచ్చింది. 8 ఇస్తే 40320 రావాలి, -25216 వచ్చింది. ఎందుకని అడిగితే, పరీక్షలో 7 దాటి ఇవ్వరులే అన్నారు. రికార్డులో 5 ఇస్తే వచ్చిన జవాబు రాసి సంతకం పెట్టించుకున్నాం. ఆ రాత్రి ఒక సీనియర్ దగ్గర కెర్నిగన్, రిచీ రాసిన 'ది సీ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్' తీసుకుని చూస్తే, రెండో అధ్యాయం మొదట్లోనే దారి దొరికింది. పూర్ణాంకాలను దాచే 'ఇంట్' పరిమాణం యంత్రాన్ని బట్టి మారుతుంది, 16 బిట్లే (0 లేదా 1 పట్టే గళ్లు) ఉండవచ్చు. రుణసంఖ్యలకూ చోటిచ్చే అలాంటి ఇంట్‌లో 16 బిట్లకు పట్టే అతిపెద్ద సంఖ్య 32,767. అది దాటగానే విలువ చుట్టు తిరిగి రుణసంఖ్యల వైపు పోయింది. ఆ పుస్తకం మొదటి ముద్రణ 1978 నాటిది.

చాలా ఏళ్ల తర్వాత అదే తప్పును పెద్దవాళ్ల కోడ్‌లో చూశాను. జావా భాషతో వచ్చే లైబ్రరీలో, వరుసలో ఉన్న జాబితాను సగం సగం చేస్తూ వెతికే బైనరీ సెర్చ్‌లో పొరపాటు ఉందని, దాన్ని రాసిన జాషువా బ్లాక్ 2006లో స్వయంగా ప్రకటించారు. మధ్య స్థానం కోసం రెండు చివరల సంఖ్యలను కూడి రెండుతో భాగిస్తారు. జాబితాలో నూటేడు కోట్లకు పైగా అంశాలుంటే ఆ కూడిక 32 బిట్ల హద్దు దాటి రుణసంఖ్య అయిపోతుంది. సుమారు తొమ్మిదేళ్లు ఎవరి కంటా పడలేదు. జాన్ బెంట్లీ పేరుపొందిన పుస్తకంలోనూ ఇదే పొరపాటు ఉందని బ్లాక్ చెప్పారు. పుస్తకాలు తప్పు చెప్పవని నేను అనను. అలాంటి తప్పును గుర్తుపట్టే చూపు మాత్రం నాకు ఆ రెండో అధ్యాయం నుంచే వచ్చింది.

ఏఐ గురించిన వాదనకు జవాబు కూడా ఇందులోనే ఉంది. అడిగిన క్షణంలో కోడ్ వస్తుంది, చిన్న పరీక్షలన్నీ దాటుతుంది. పెద్ద లెక్క దగ్గర అది కూలితే ఎక్కడ చూడాలో తెలిసినవాడికే ఆ కోడ్ ఉపయోగం.

వీడియోల మీద నాకు కోపం లేదు. కానీ ఎవరో టైప్ చేస్తుంటే చూసినప్పుడు అంతా వచ్చేసినట్టే ఉంటుంది, ఖాళీ తెర ముందు కూర్చుంటే చెయ్యి కదలదు. కెర్నిగన్, రిచీల పుస్తకం పాఠం మధ్యలోనే అభ్యాసాలు పెట్టి ఆపేస్తుంది. నిసాన్, షోకెన్ల 'ది ఎలిమెంట్స్ ఆఫ్ కంప్యూటింగ్ సిస్టమ్స్' అయితే నాండ్ గేటు అనే చిన్న తర్కవలయంతో మొదలుపెట్టించి కంప్యూటర్‌ను, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌ను మన చేతే కట్టిస్తుంది.

ఇంగ్లీషు మాటంటారా, నేను పదో తరగతి వరకు తెలుగు మాధ్యమమే. అర్థం కాని పేరాను నాలుగుసార్లు చదివాను, పుస్తకం విసుక్కోలేదు. మంచి సాంకేతిక గ్రంథాల్లో వాక్యాలు చిన్నవి, తిరిగి తిరిగి వచ్చే మాటలు కొన్నే. పిల్లలను బెదరగొడుతున్నది మనమే. వెయ్యి పేజీలు దాటిన 'ఇంట్రడక్షన్ టు ఆల్గారిథమ్స్'ను మొదటి సంవత్సరంలోనే చేతికిస్తున్నాం. అది అవసరమైనప్పుడు తెరిచి చూసుకోవాల్సిన పుస్తకం.

ధర వాదన అసలు నిలవదు. అలెన్ డౌనీ 'థింక్ పైథాన్', ఏబెల్సన్, సస్‌మన్‌ల 'స్ట్రక్చర్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామ్స్', విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ ఆచార్యులు రాసిన 'ఆపరేటింగ్ సిస్టమ్స్: త్రీ ఈజీ పీసెస్' నెట్‌లో చట్టబద్ధంగానే ఉచితం. కాగితం మీదే కావాలంటే హైదరాబాద్ కోఠిలో పాత పుస్తకాల దుకాణాలున్నాయి.

మా వాడికి 'థింక్ పైథాన్' పంపాను. వారానికి ఒక అధ్యాయం, అభ్యాసాలన్నీ సొంతంగా చెయ్యమన్నాను. ఆదివారం ఫోన్ చేసి, రాని లెక్క ఏదో ముందు అది చెప్పమన్నాను.