ఆరెంజ్ స్లైడర్ మీంచి చెయ్యి తీయండి

బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు తీయడం నేర్చుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఏ కెమెరా కొనాలి, ఫోన్ సరిపోతుందా, ఫిల్మ్ ఇంకా దొరుకుతోందా అని. వాటికి జవాబులు చెబుతాను. కానీ చాలాకాలంగా నా కడుపులో ఉన్న మాట ఒకటి ముందు బయటపెట్టాలి. మన దగ్గర ఈ హాబీలోకి వచ్చేవాళ్లు, వాళ్లకు నేర్పేవాళ్లలో కూడా చాలామంది, ఫొటోలోంచి రంగు తీసేసిన మరుక్షణం చేసే పని మనిషి మొహాన్ని తెల్లగా చేయడం. రంగులే లేని ఫొటోలో కూడా మనకు తెలుపు పిచ్చి వదలడం లేదు.

అది ఎలా జరుగుతుందో చూడండి. ఎడిటింగ్ యాప్‌లో ఫొటోని బ్లాక్ అండ్ వైట్ చేయగానే ఎరుపు, ఆరెంజ్, పసుపు, ఆకుపచ్చ, నీలం అని వరసగా స్లైడర్లు వస్తాయి. ఏ రంగు ఎంత ముదురు బూడిదగా మారాలో, ఎంత లేతగా మారాలో అవి తేలుస్తాయి. మనిషి చర్మం, ఎవరిదైనా సరే, చాలావరకు ఆరెంజ్‌లోనే పడుతుంది. ఆ స్లైడర్‌ని కుడివైపుకి జరిపితే చామనఛాయ మొహం క్షణంలో తెల్లబడుతుంది. మచ్చలు కనిపించవు, కళ్లకింద నలుపు పోతుంది. చూడగానే "అబ్బ, ఎంత గ్లో వచ్చిందో" అనిపిస్తుంది. కానీ దాంతోపాటు చెంప ఎముక మీది వెలుగు, దాని కిందున్న నీడ ఒకదానికొకటి దగ్గరైపోతాయి. పెదాలు చెంపల్లో కలిసిపోతాయి. మిగిలేది చదునుగా ఉన్న ఒక లేత బూడిద మచ్చ, దాంట్లో రెండు కళ్లు. బ్లాక్ అండ్ వైట్‌లో మనకున్న ఆస్తి వెలుగునీడల తేడా ఒక్కటే. దాన్ని మొదటి నిమిషంలోనే చేతులారా చెరిపేసుకుంటున్నాం.

ఆ స్లైడర్లు చెడ్డవని కాదు. వాటి అవసరం తెలియాలంటే పండుమిరప కాయలున్న మొక్కని ఒకసారి ఫొటో తీసి చూడండి. కంటికి ఎర్రటి కాయలు పచ్చటి ఆకుల మధ్య కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రంగు తీసేస్తే కాయేదో ఆకేదో తెలియని ముద్ద. రంగుని బూడిదగా మార్చే పాత లెక్క ఒకటుంది, టీవీల కాలం నుంచీ వాడుతున్నది: ఆకుపచ్చకి 59 శాతం, ఎరుపుకి 30, నీలానికి 11. మన కన్ను ఏ రంగుని ఎంత వెలుగుగా చూస్తుందో దాన్నిబట్టి కట్టిన లెక్క. ముదురు ఆకు, పండిన కాయ ఈ లెక్కలో ఇంచుమించు ఒకే బూడిద దగ్గర తేలతాయి. అప్పుడు ఎరుపు స్లైడర్ పెంచితే కాయలు వెలుగుతాయి, తగ్గిస్తే నల్లబడతాయి. ఏది కావాలో మీ ఇష్టం. ఫిల్మ్ రోజుల్లో ఈ పనే లెన్సు ముందు పెట్టే రంగు గాజు చేసేది. పసుపు గాజు పెడితే ఆకాశం కాస్త ముదురుతుంది, ఎర్రగాజు పెడితే నీలాకాశం నల్లబడి మబ్బులు తెల్లగా తేలతాయి. ఆకాశాన్ని, ఆకుల్ని, బతుకమ్మ మీద పేర్చిన తంగేడుని, బంతిని ఎలా కావాలంటే అలా మార్చుకోండి. నేనూ మారుస్తాను. నా గొడవంతా మనిషి మొహం గురించే.

ఈ జబ్బు యాప్‌లతో రాలేదు. మన ఊళ్లలో పాత ఫొటో స్టూడియోలు గుర్తున్నవాళ్లకి తెలుస్తుంది. లోపలికి వెళ్లగానే గోడకి అద్దం, దాని కింద దువ్వెన, పౌడర్ డబ్బా. పౌడర్ అద్దకుండా ఎవరినీ స్టూలు మీద కూర్చోబెట్టేవాళ్లు కాదు. ఫిల్మ్ కడిగాక నెగటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో టచింగ్ చేసేవాళ్లు. నెగటివ్‌లో పెన్సిల్ గీత పడ్డచోట ప్రింటులో తెల్లబడుతుంది కాబట్టి ముడతలు, మొటిమలు, నలుపు అన్నీ ఆ గీతల కింద కప్పబడిపోయేవి. అది మామూలు పనితనం కాదు, గంటల తరబడి కళ్లు పోగొట్టుకుని చేసిన పని. వాళ్లమీద నాకు గౌరవమే. ఆ పనితనమంతా దేనికోసం ఖర్చయిందో తలుచుకుంటేనే బాధ.

పెళ్లిచూపుల ఫొటో కోసం మా ఊళ్లో ఒక స్టూడియోకి నన్నూ తీసుకెళ్లారు. తీసినాయన నన్ను కాకుండా మా అమ్మని అడిగాడు, "కొంచెం కలర్ పెంచమంటారా అమ్మా?" అని. అమ్మ సరే అంది. వచ్చిన ఫొటోలో మొహం ఒక రంగు, మెడ ఒక రంగు, ఒళ్లో పెట్టుకున్న చేతులు ఇంకో రంగు. దవడ కింద గీత గీసినట్టు తేడా. ఇంట్లో అందరూ చూశారు, ఒక్కరూ ఏమీ అనలేదు, ఎందుకంటే అందరి ఫొటోలూ అలాగే ఉన్నాయి. నేను కెమెరా పట్టుకున్నాక కూడా ఆ గీత నాకు కనిపిస్తూనే ఉంది.

దీనికి విరుగుడు ఎక్కడ దొరికిందో చెబుతాను. ఒకటి మన హైదరాబాద్‌లోనే ఉంది. లాలా దీన్‌దయాళ్ ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా చేశారు, 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. ఆయన కాలంలో ఫిల్మ్ బదులు వాడిన గాజు ప్లేట్లు నీలాన్ని ఎక్కువగా పట్టుకునేవి, ఎరుపుని దాదాపు పట్టుకునేవే కావు. అందుకే ఆ రోజుల ఫొటోల్లో ఆకాశం ఉత్త తెల్ల కాగితంలా ఉంటుంది, నుదుటి మీది కుంకుమ బొట్టు నల్లగా పడుతుంది, గోధుమరంగు చర్మం కంటికి కనిపించేదానికంటే ముదురుగా వస్తుంది. అయినా ఆ దర్బారు మొహాలు చూడండి. ముదురుగానే ఉన్నాయి, దర్జాగా ఉన్నాయి.

రెండోది మాలి దేశంలో బమాకో. 1948లో అక్కడ స్టూడియో తెరిచిన సెయ్దూ కేయ్‌టా పూలపూల దుప్పటి వెనక కట్టి, పగటి వెలుగులో, పెద్ద ప్లేటు కెమెరాతో ఊరివాళ్లని తీశాడు. ఫిల్మ్ ఖరీదు కాబట్టి చాలామందికి ఒక్కటే ఫొటో. ఆ మొహాల నలుపులో ఎన్ని మెట్లున్నాయో చూస్తే కళ్లు తిప్పుకోలేరు. మూడో మనిషి న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేట అయిన హార్లెమ్ జీవితాన్ని తీసిన రాయ్ డికరావా. కళాకారులకి, పరిశోధకులకి ఇచ్చే గుగ్గెన్‌హైమ్ ఫెలోషిప్‌ని 1952లో అందుకున్న మొదటి ఆఫ్రికన్ అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆయన. ఫ్లాష్ వాడేవాడు కాదు. ఆయన ప్రింట్లు మొదట చూస్తే చీకటిగా అనిపిస్తాయి. కాసేపు ఆగితే ఆ చీకట్లోంచి నుదురు, భుజం, చేతివేళ్లు ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఈ ముగ్గురినీ చూడకుండా మన మనుషుల్ని బ్లాక్ అండ్ వైట్‌లో తీయడం మొదలుపెట్టొద్దని నా సలహా. వీలైతే విజయా వారి పాత సినిమాలకు కెమెరా పట్టిన మార్కస్ బార్ట్లే ఫ్రేములు కూడా సౌండ్ ఆపేసి చూడండి. జుట్టు చివర వెలుగు ఎటునుంచి పడిందో, ముదురు జుట్టు ముదురు గోడలో కలవకుండా ఎలా విడిపోయిందో గమనించండి.

ఇక అసలు పాఠం. కెమెరాలో వెలుగుని కొలిచే మీటర్‌కి మనిషి తెలియదు. ముందు ఏమున్నా సరే సగటున నడిమి బూడిద రంగుకి తేవడమే దాని పని. ఫ్రేము నిండా గేదెని పెట్టి తీయండి, గేదె బూడిదగా వస్తుంది. సున్నం కొట్టిన గోడని తీయండి, అదీ అదే బూడిద. నల్లని మొహం ఫ్రేము నిండా ఉంటే మీటర్ దాన్ని పైకి లాగి తెల్లబరుస్తుంది, అదే మొహం తెల్లగోడ ముందు ఉంటే గోడని కిందికి లాగి మొహాన్ని మసి చేస్తుంది. మొదటిదానికి ఎక్స్‌పోజర్, అంటే కెమెరా పట్టుకునే వెలుగు, ఒక స్టాప్ దాకా తగ్గించాలి, రెండోదానికి ఒక స్టాప్ దాకా పెంచాలి. ఒక స్టాప్ తగ్గిస్తే వెలుగు సగమవుతుంది, పెంచితే రెట్టింపవుతుంది. 1940 ప్రాంతంలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ అనే ఇద్దరు అమెరికన్ ఫొటోగ్రాఫర్లు కలిసి నలుపు నుంచి తెలుపు దాకా సున్నా నుంచి పది వరకు మెట్లు కట్టారు. మెట్టుకీ మెట్టుకీ తేడా ఒక స్టాప్. నడిమి బూడిద అయిదో మెట్టు. ఆ లెక్కలో తెల్లజాతి వాళ్ల చర్మం ఆరో మెట్టు, నల్లని చర్మం అయిదు దగ్గర. మనవాళ్లలో అయిదు, ఆ పైన, ఆ కింద అన్నీ ఉన్నాయి. ఎవరిది ఏ మెట్టో చూసి అక్కడే ఉంచడం నేర్చుకోండి. ఆరెంజ్ స్లైడర్‌తో మనం చేసేది అయిదో మెట్టు మనిషిని తీసుకెళ్లి ఏడో మెట్టు మీద కూర్చోబెట్టడం.

ఇంకొకటి, నల్లని చర్మాన్ని ఎక్స్‌పోజర్ పెంచి చూపించక్కర్లేదు, వెలుగు పడే వైపు మార్చి చూపించాలి. ఇత్తడి బిందె గుండ్రంగా ఉందని మనకి దాని మీది మెరుపువల్లే తెలుస్తుంది కదా, ముదురు చర్మమూ అంతే, దాని ఆకారమంతా మెరుపులోనే ఉంది. ఎదురుగా ఫ్లాష్ కొడితే నుదుటి మీద ఒక తెల్లటి చుక్క పడి మిగతాదంతా చదునైపోతుంది. పక్కనుంచి పెద్ద వెలుగు కావాలి: కిటికీ, వసారా, ఎండపడ్డ ఎదురింటి గోడ, ఆరేసిన తెల్లదుప్పటి, ఏదైనా సరే. పౌడర్ వద్దు. తలకి రాసుకున్న కొబ్బరినూనె నుదుటి మీదికి జారినా తుడవొద్దు.

మా పెద్దమ్మ చామనఛాయ కంటే ఒక పిసరు నలుపు. పెరటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది, వెనకాల వంటిల్లంతా చీకటి. "కాస్త తెల్లగా పడేట్టు తియ్యవే" అంది, తలెత్తకుండానే. చీకటి ఎక్కువ కాబట్టి కెమెరా అంతా వెలిగించేస్తుందని ఒక స్టాప్ తగ్గించాను. ఫొటోలో పెరటివైపు చెంప మీద పొడుగాటి మెరుపు, ముక్కు అవతలివైపు మెల్లగా నల్లబడుతూ చెవిదాకా పోయింది. ఉత్త తెలుపు ఫ్రేము మొత్తంలో రెండే చోట్ల: ముక్కుపుడక రాయి, గిన్నె అంచు. వేళ్ల కణుపుల మీద ముడతలు ఒక్కొక్కటి విడివిడిగా లెక్కపెట్టొచ్చు. ప్రింటు చేతికిస్తే చాలాసేపు చూసి "గాజులు బాగా పడ్డాయి" అంది. రంగు మాటే ఎత్తలేదు. చెల్లెలికి ఒక కాపీ పంపమంది.

పరికరాల గురించి అడిగినవాళ్లకి: ఫోన్ చాలు. ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యూటీ మోడ్ ఆపేయండి, కొన్ని ఫోన్లలో మనం అడక్కుండానే ఆన్‌లో ఉంటుంది. తెర మీద మొహం ఉన్నచోట నొక్కి ఎక్స్‌పోజర్ గుర్తుని కిందికి లాగితే సరిపోతుంది. డిజిటల్ కెమెరా ఉంటే, కెమెరా పట్టుకున్నదంతా ఉన్నదున్నట్టు దాచే రా ఫార్మాట్ పెట్టి, మోనోక్రోమ్ మోడ్‌లో తీయండి. తెర మీద బూడిదలోనే కనిపిస్తుంది, రంగులు మాత్రం ఫైల్‌లో భద్రంగా ఉంటాయి. ఫిల్మ్ దొరుకుతోంది, ఇల్‌ఫర్డ్ హెచ్‌పీ5 లాంటివి ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, కానీ ఖరీదు. ఇంట్లో కడుక్కోవడం కష్టమేం కాదు. ఫిల్మ్ మీద బొమ్మని తేల్చే డెవలపర్ ద్రావణం 20 డిగ్రీల దగ్గర ఉండాలంటారు, మన ఎండాకాలంలో కుళాయి నీళ్లు 30 దాటిపోతాయి కాబట్టి ఐసుముక్కలు వేసిన టబ్బులో సీసా ముంచి ఉంచుకోవాలి. మొదటి ఏడాది ఫిల్మ్ జోలికి పోనక్కర్లేదని నా అభిప్రాయం.

ఫొటో వాక్‌ల సంగతి కూడా చెప్పేస్తాను. తెల్లారేసరికి పాతబస్తీకి పోయి, ముడతలు పడ్డ పేద ముసలివాళ్ల మొహాల కోసం వెతికి, అడక్కుండా తీసి, బ్లాక్ అండ్ వైట్ చేసి, ముడతల్ని ఎత్తిచూపే క్లారిటీ స్లైడర్‌ని చివరిదాకా పెంచి పోటీలకి పంపుతున్నారు. ఇది నాకు అస్సలు నచ్చదు. విచిత్రం ఏమిటంటే వాళ్లే ఇంటికొచ్చి అక్కచెల్లెళ్లని తీసేటప్పుడు ఆరెంజ్ స్లైడర్ పెంచుతారు. పేదవాడి నలుపు ప్రైజులకి, ఇంట్లోవాళ్ల నలుపు దాచడానికి. ఒక్క మనిషి చేతిలోనే రెండు కొలతలు. ముందు ఇంట్లోవాళ్లని, పేరు పెట్టి పిలవగలిగేవాళ్లని తీయండి. బాగోకపోతే మొహం మీదే చెబుతారు, మళ్లీ కూర్చోమంటే కూర్చుంటారు.

తీసినవాటిని ప్రింటు వేయించండి. ఇక్కడ ఇంకో అడ్డంకి ఉంది. మామూలు కలర్ ల్యాబ్ మిషన్లు బ్లాక్ అండ్ వైట్‌ని కూడా కలర్ పేపర్ మీదే వేస్తాయి, ఒక్కోసారి పచ్చదనమో గులాబీ ఛాయో తేలుతుంది. అంతకంటే పెద్ద సమస్య, మొహం కనిపిస్తే ఆపరేటర్ అలవాటుకొద్దీ బ్రైట్‌నెస్ పెంచేస్తాడు. ఆయన తప్పేం లేదు, వచ్చేవాళ్లంతా అదే అడుగుతారు. అందుకని ఫైల్ ఇచ్చేటప్పుడే "కరెక్షన్ వద్దు" అని నోటితో చెప్పి, ఆర్డర్ కాగితం మీద కూడా రాయించండి. ముందు చిన్న సైజు ఒకటి వేయించి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూసుకోండి. మరీ మసిగా ఉంటే మీ స్క్రీన్ వెలుగు ఎక్కువ పెట్టుకుని ఎడిట్ చేశారన్నమాట, తగ్గించి మళ్లీ చేయండి. మొహం తెల్లగా వచ్చిందంటే మాత్రం కౌంటర్‌లో తిరిగి ఇచ్చేసి, ఉన్నది ఉన్నట్టు వేయమని అడగండి. వేస్తారు.