గర్ల్స్ హాస్టల్ అవుటింగ్ రిజిస్టరు గారికి

మహారాజశ్రీ గర్ల్స్ హాస్టల్ అవుటింగ్ రిజిస్టరు గారి దివ్యసముఖమునకు, నాలుగేళ్లపాటు మీ పేజీల్లో సంతకాలు పెట్టి పెట్టి చేతిరాత పాడుచేసుకున్న ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) అమ్మాయి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మీకు నేను గుర్తుండకపోవచ్చు. రూమ్ నంబరు 214, కిటికీ పక్క మూడో బెడ్డు. మీరు మాత్రం నాకు బాగా గుర్తు. ఎర్ర అట్ట, మూలలు చిరిగితే బ్రౌన్ టేపు అతుకులు. మీ వీపుకి బెజ్జం పొడిచి నైలాన్ తాడు కట్టి, ఆ తాడు చివర ఒక బాల్‌పెన్ను వేలాడదీశారు, ఎవరూ ఎత్తుకుపోకుండా. హాస్టల్లో చేర్చడానికి వచ్చిన రోజు మా నాన్న ఆ పెన్నును చూసి మురిసిపోయాడు. "రెండ్రూపాయల పెన్నునే ఇంత జాగ్రత్తగా కట్టేశారంటే ఆడపిల్లల్ని ఇంకెంత బాగా చూసుకుంటారో" అన్నాడు. నాన్న అన్నది అక్షరాలా నిజమైంది.

మీలో ఎనిమిది గడులు. పేరు, రోల్ నంబరు, రూము, ఎక్కడికి, కారణం, వెళ్లిన టైము, వచ్చిన టైము, సంతకం. ఏడు గడులది ఉత్త గుమాస్తా పని. మీ ప్రాణమంతా ఐదో గడిలో ఉండేది. దాని వెడల్పు అంగుళంన్నర. ఆ అంగుళంన్నరలో పట్టేంత పనే మాకు బయట ఉండాలి.

కొత్తలో మేం అమాయకంగా నిజాలే రాశాం. నా రూమ్మేట్ "పానీపూరీ" అని రాసిందని వార్డెన్ మేడమ్ ఆఫీసు రూముకి పిలిచి ఇరవై నిమిషాలు పచ్చకామెర్ల గురించి చెప్పారు. ఆ తర్వాత ఆ పిల్ల ఎప్పుడు పానీపూరీకి వెళ్లినా "జిరాక్స్" అనే రాసింది. జిరాక్స్ అంటే మీకు అభ్యంతరం ఉండదు. మా హాస్టల్ నుంచి జిరాక్స్‌కి వెళ్లినవాళ్లంతా నిజంగా జిరాక్సులే తీయించుకుని ఉంటే ఈపాటికి నల్లమలలో వెదురుపొద మిగిలేది కాదు. డ్రాయింగ్ షీటు మీద గీతలు గీసే డ్రాఫ్టర్ రిపేరన్నా మీరు నమ్మేవారు. ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఫస్టియర్‌తోనే అయిపోతుందని మీకెవరూ చెప్పలేదు, మేమూ చెప్పలేదు. ఫైనలియర్ దాకా మా డ్రాఫ్టర్లు రిపేరుకి వస్తూనే ఉన్నాయి.

మా ఫ్లోర్లో ఒక మెకానికల్ అమ్మాయి ఉండేది. వాళ్ల క్లాసులో అరవై మందికి అమ్మాయిలు ముగ్గురే. ఆవిడకి నెలకి రెండుసార్లు పంటినొప్పి. మీ పేజీలన్నీ తిరగేసి లెక్కేస్తే నాలుగేళ్లలో ఎనభై పళ్లయినా పుచ్చి ఉండాలి. ఇంతకీ ఆవిడ వెళ్లింది టౌన్లో ఒక బైక్ మెకానిక్ షెడ్డుకి. కాలేజీ వర్క్‌షాపులో బ్యాచికి ఒక ఇంజను ఇస్తారు, స్పానర్లు అబ్బాయిల చేతిలోకి పోతాయి, "నీ రైటింగ్ బాగుంటుంది కదా" అని అబ్జర్వేషన్ పుస్తకం ఈవిడ చేతిలో పెడతారు. (మా ఎలక్ట్రికల్ ల్యాబులోనూ ఇదే తంతు. వాళ్లు వైర్లు కలుపుతారు, మేం రీడింగులు రాస్తాం.) షెడ్డు మేస్త్రి మాత్రం రైటింగ్ గురించి అడగలేదు, స్పానరిచ్చి కార్బొరేటర్ విప్పమన్నాడు. ఒకరోజు గేటు దగ్గర సంతకం పెడుతుంటే వాచ్‌మన్ తాత ఆమె గోళ్లకేసి చూసి, "ఏమ్మా, పళ్ల డాక్టరు గ్రీజు పూశాడా?" అన్నాడు. తాత ఎవరికీ చెప్పలేదు. మిమ్మల్ని మోసినంత కాలం ఆయన మీకంటే మంచివాడిగానే ఉన్నాడు.

ఇక ఒంగోలు పిల్ల సంగతి. ఆమె ఒక సాయంత్రం కారణం గడిలో "ఊరికే" అని రాసింది. మూడక్షరాలు. ఐదింటికి వెళ్లి చెరువుకట్ట మీద కాసేపు కూర్చుని, ఆరుంపావుకల్లా వచ్చేసింది. టైము దాటలేదు, అబద్ధం చెప్పలేదు. రాత్రి ఎనిమిదింటికి ఒంగోలుకి ఫోను వెళ్లింది. "మీ అమ్మాయి ఊరికే బయటికి వెళ్లిందండీ." అవతలినుంచి ఆ తండ్రి అడిగిన మొదటి మాట, "ఎవరితో?" ఊరికే అన్న మాటకి అలాంటి అర్థం ఒకటుందని ఏ నిఘంటువులోనూ లేదు, మీ పుణ్యాన నేర్చుకున్నాం. మర్నాటినుంచి ఆ పిల్లకి కూడా పంటినొప్పి మొదలైంది.

మీ తమ్ముడుగారిని కూడా ఒకసారి దర్శించుకున్నాను. అదే, బాయ్స్ హాస్టల్ రిజిస్టరు. కాలేజీ ఫెస్టుకి బ్యానర్లు తేవడానికి వెళ్తే టేబుల్ మీద కనిపించాడు. మొదటి పేజీలో జులై నెలవి పది పన్నెండు సంతకాలు, తర్వాతంతా క్యారమ్స్ స్కోర్లు, టీ ఖాతాలు. ఎంత హాయైన జీవితమండీ! మీరేమో రోజుకి నాలుగు పేజీలు నిండి నడుము విరిగి ఉండేవారు. ఒకే తల్లి కడుపున, ఒకే స్టేషనరీ షాపులో పుట్టిన పిల్లల్లో ఇంత తేడానా అని బాధేసింది.

అన్నట్టు, సీట్ల దగ్గర మాత్రం మావాళ్లు పిసినారులు కారు. మన రాష్ట్రాల ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో మూడోవంతు సీట్లు అమ్మాయిలకి. ఐఐటీలు కూడా 2018లో అమ్మాయిలకి అదనపు సీట్లు పెట్టి, వాళ్ల వాటా ఆ ఏడు 14 శాతం, 2020 కల్లా 20 శాతం కావాలని లెక్క వేసుకున్నాయి. సీటు ఇచ్చారు కదా, ఇక అందులోంచి లేవకూడదన్నది మీ భాష్యం. లైబ్రరీ రాత్రి తొమ్మిదింటిదాకా తెరిచే ఉండేది, మా గేటు ఆరున్నరకి. ఆరుంపావుకి మేం పుస్తకాలు మూసుకుని పరిగెడుతుంటే, ఆ వేళ దాటాక నెట్‌వర్క్ థియరీ మగవాళ్లకే అర్థమవుతుంది కాబోలు అనుకునేవాళ్లం.

థర్డియర్‌లో స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ అని, కాలేజీ పిల్లలకి కేంద్రం పెట్టే పోటీకి పేర్లిచ్చాం. టీముకి ఆరుగురు, అందులో కనీసం ఒక అమ్మాయి ఉండి తీరాలని రూలు. దాంతో నాలుగు రోజులు మా చుట్టూ తిరిగినన్ని అర్జీలు కలెక్టరాఫీసులో కూడా తిరగవు. ఒక టీములో చేరాను. సాఫ్ట్‌వేర్ ఫైనల్స్ అయితే 36 గంటలు ఏకధాటిగా చేయాలి. మేం అక్కడిదాకా పోలేదు లెండి, కాలేజీ సెలక్షన్‌లోనే ఆగిపోయాం. సాయంత్రం ఆరు దాటితే నా టీము ల్యాబులో, నేను మూడో అంతస్తు బాత్రూముల పక్క వరండాలో. సిగ్నల్ ఉండేది అక్కడే. అవతల వాడు వీడియో కాల్లో బోర్డు చూపిస్తుంటే నేను సోల్డరింగ్ చెప్పాలి. "ఇంకాస్త ఎడమకి, అది కాదురా, దాని పక్కది" అని నేను అరుస్తుంటే బకెట్లు పట్టుకుని లైన్లో నిలబడ్డవాళ్లు వచ్చి తలో సలహా పడేసేవారు. వాడు కాల్చాల్సిన చోట కాక పక్కన కాల్చాడు. ఆ బోర్డు ఖరీదు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆరుగురం సమంగా పంచుకున్నాం.

లోపలి జీవితం బాగోలేదని అననండీ. నిషేధిత కెటిల్‌లో మ్యాగీ, ఇంటినుంచి వచ్చిన ఆవకాయ జాడీకి వారంలో పట్టే గతి, పరీక్షల ముందురోజు రాత్రి ఒక్కతి చదివి పదిమందికి చెప్పడం, ఇవన్నీ ఆ ఆరున్నర పుణ్యమే. కెటిల్ పెట్టగానే ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చు) పడేది. మా ఫ్లోర్లో ఎక్కువమంది ట్రిపుల్ ఈ పిల్లలే. ఎక్కి స్విచ్చు పైకి నెడితే అయిపోయేది. కానీ వార్డెన్ మేడమ్ టౌన్ నుంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిచేవారు. ఆయన వచ్చేదాకా, ముప్పైమంది కాబోయే ఎలక్ట్రికల్ ఇంజనీర్లం కొవ్వొత్తి చుట్టూ కూర్చుని అంత్యాక్షరి ఆడేవాళ్లం.

ఇదంతా మీరు పుట్టకముందే మొదలైందని తర్వాత తెలిసింది. మా బ్రాంచికి ఒక పెద్దమ్మ ఉంది. అయ్యలసోమయాజుల లలిత. మద్రాసులో తెలుగింటి పిల్ల, 1919లో పుట్టింది. పద్దెనిమిదేళ్లకే భర్త పోయాడు, ఒళ్లో నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. పైవాళ్లని ఒప్పించి కూతుర్ని అక్కడే ఎలక్ట్రికల్‌లో చేర్పించాడు. హాస్టల్లో ఒక్కతీ అయిపోయిందని దిగులుపడితే కాలేజీలోకి ఇంకా అమ్మాయిల్ని రప్పించారు. సివిల్‌లో లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా అలా వచ్చారు. 1943లో లలిత చదువు పూర్తయింది. పట్టా మీద అచ్చులో ఇంగ్లీషులో "అతడు" అని ఉంటే పెన్నుతో కొట్టేసి "ఆమె" అని రాయాల్సి వచ్చిందట. తర్వాత ఆవిడ భాక్రా నంగల్ ఆనకట్టకి సంబంధించిన విద్యుత్ పనుల్లోనూ పాలుపంచుకుంది. ఒక అమ్మాయికి తోడు లేదంటే ఆనాడు వెతికింది ఇంకో ఇద్దరమ్మాయిల్ని. ఇప్పుడైతే ఇంకో తాళం వెతికేవారు. ఆ "అతడు"ని కొట్టేసిన పెన్నుకి తాడు కట్టి ఉండలేదనుకుంటాను.

మరీ ఎవరూ పట్టించుకోలేదనీ కాదు. విశ్వవిద్యాలయాల మీద అజమాయిషీ చేసే యూజీసీ, 2015 నాటి లైంగిక వేధింపుల నివారణ నిబంధనల్లో, భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో అమ్మాయిలకి అబ్బాయిలకంటే వేరే రూల్సు పెట్టకూడదని స్పష్టంగా రాసింది. అదే ఏడు ఢిల్లీలో అమ్మాయిలు "పింజ్రా తోడ్" అని, పంజరం బద్దలుకొట్టండని రోడ్డెక్కారు. యూజీసీ కాగితం మా కాలేజీకీ వచ్చే ఉంటుంది. ఆరున్నర దాటాక వచ్చి ఉంటుంది, గేట్లోనే ఆపేసి ఉంటారు.

భద్రత అన్నాను కదా, దాని లెక్క కూడా చెప్తాను. మా గేటు నుంచి హైవే బస్టాపుకి నాలుగొందల మీటర్లు. దారంతా చీకటి. ఎదురుగా వచ్చే లారీ లైటే మాకు వీధిదీపం. సెకండియర్ మినీ ప్రాజెక్టుగా నేనూ ఇంకో ఇద్దరం ఆ దారికి లైటింగ్ ఎస్టిమేట్ వేశాం. స్తంభాల మధ్య దూరం, కేబుల్ పొడవు, నెల కరెంటు బిల్లు, అన్నీ. ప్రిన్సిపాల్ సార్ చూసి "ఎక్సలెంట్" అన్నారు. మార్కులు పడ్డాయి. ఆ డిసెంబరులో పొద్దు త్వరగా పోతోందని, పిల్లల క్షేమం దృష్ట్యా, మా టైము ఆరున్నర నుంచి ఆరుకి మార్చారు. స్తంభం కంటే తాళం చవక, ఒప్పుకోవాల్సిందే. మా ఎస్టిమేట్‌లో ఆ ఆప్షను రాయకపోవడం మా తప్పు.

మొన్న కంపెనీ తరఫున క్యాంపస్ డ్రైవ్‌కి మన కాలేజీకే వచ్చాను. హాస్టల్ గేటు దగ్గరికి వెళ్తే మీరు లేరు. తాత కూడా లేడు. మీ స్థానంలో ఒక యాప్ వచ్చింది. పిల్ల రిక్వెస్టు పెడితే ఇంట్లో నాన్న ఫోనుకి ఓటీపీ వెళ్తుందట, ఆయన చెప్తేనే గేటు. కారణం రాయక్కర్లేదు, నాలుగింట్లో ఒకటి నొక్కాలి: మెడికల్, అకడమిక్, హోమ్, అదర్స్. అదర్స్ నొక్కితే వార్డెన్‌కి ఫోను. పంటినొప్పికి ఉన్న సాహిత్య విలువంతా పోయింది. మొదటిసారి మీ మీద జాలేసింది. కనీసం మీలో అబద్ధమాడటానికైనా అంగుళంన్నర చోటుండేది.

డ్రైవ్ అయ్యేసరికి చీకటిపడింది. బస్టాపు దారిలో ఇప్పటికీ దీపాల్లేవు. మధ్యలో బజ్జీల బండి మీద ఒక్క బల్బు. నాలుగేళ్లు ఇక్కడే ఉండి ఆ బండి దగ్గర బజ్జీ తినలేదు, వాళ్లు పొయ్యి వెలిగించేదే ఆరున్నరకి. నాలుగు మిరపకాయ బజ్జీలు తీసుకున్నాను. కాగితం మీద గీతలు చూసి ఆగిపోయాను. ఎనిమిది గడులు. నూనెకి అక్షరాలు అవతలివైపు తేలుతున్నాయి. జిరాక్స్, జిరాక్స్, పంటినొప్పి, జిరాక్స్. పాత పేపర్లవాడికి కిలోల్లెక్కన అమ్మేసినట్టున్నారు.

టైము చూశాను. ఏడుంపావు. మీరు గేటు బయటే ఉన్నారు.

ఇట్లు,
రూమ్ నంబరు 214, మూడో బెడ్డు