చింతపండులో పడ్డ చార్మినార్

వరలక్ష్మీ వ్రతం ఇంకో రెండు రోజుల్లో ఉందనగా తెలుగిళ్ళకి తోముడు జ్వరం పట్టుకుంటుంది. కుందులు, పంచపాత్ర, ఉద్ధరిణె, హారతి పళ్ళెం వరసగా సింకు దగ్గర చేరతాయి. సరిగ్గా ఆ ముహూర్తం చూసుకునే ఇంటాయన అటక మీంచి వాళ్ళ ముత్తాత నాటి రేకు డబ్బా దించుతాడు. లోపల ఓ పాతిక నాణేలు, అన్నీ నల్లగా, టీ డికాషన్ రంగులో.

"అయ్యయ్యో, ఎంత మకిలో! ఎలాగూ చింతపండు నానేశాను, ఇటు పడెయ్యండి" అంటుంది ఇల్లాలు.

ఆయన పడేస్తాడు. నూరేళ్ళుగా దొంగలకీ, వరదలకీ, కంసాలి మూసకీ దొరక్కుండా తప్పించుకు తిరిగిన నాణేలు అలా ఇంటి సింకులో దొరికిపోతాయి.

ఆ నలుపు మకిలి కాదని చెప్పేవాడు అక్కడ ఎవడూ ఉండడు. గాలిలో ఎప్పుడూ కాస్తో కూస్తో గంధకం ఉంటుంది. పొయ్యి పొగ, మురుగు కాలువ, ఆఖరికి ఉల్లిపాయల బుట్ట కూడా తలా కొంత చందా వేస్తాయి. అది వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. అందులో ఉన్న వెండి ఎవరిదో కాదు, ఆ నాణెం తాలూకుదే. కాబట్టి నలుపు తోమేశామంటే ఆ మేరకు వెండి కూడా సింకు గొట్టంలోకి పోయిందని లెక్క. పైగా ఏళ్ళ తరబడి నెమ్మదిగా, సమంగా పట్టిన ఆ పొర కింది లోహానికి కాస్త కాపలా కాస్తుంది. తోమిన నాణెం వెంటనే మళ్ళీ నల్లబడటం మొదలెడుతుంది, ఈసారి మచ్చలు మచ్చలుగా.

డబ్బాలో అందరికన్నా పెద్దమనిషి నిజాం కాలపు చార్మినార్ రూపాయి. దానిలో వెండి సుమారు 82 శాతం, మిగతాదంతా దాదాపు రాగే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లానికి వెండి మీద పెద్ద మోజు లేదు. పైపొరలో రాగి ఎక్కడుందో వెతుక్కుని దాన్ని తింటుంది. మిగిలేది జీవం లేని పాలిపోయిన తెలుపు. ఇక నాణెం మీది చార్మినార్ నడి గుమ్మంలో, ఉర్దూ లిపిలో నిజాం పేరు మొదటి అక్షరం ఒకే ఒక్కటి ఉంటుంది: ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలమైతే మీమ్, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలమైతే ఐన్. ఉస్మాన్ అలీ తొలినాళ్ళ చిన్న ఐన్ వేరు, తర్వాతి పూర్తి ఐన్ వేరు. సేకర్తలు కంటికద్దం పెట్టుకుని దెబ్బలాడుకునేది దాని గురించే. ఇల్లాలు మాత్రం దాన్ని గుమ్మంలో ఇరుక్కున్న చిలుము అనుకుని, పాత టూత్‌బ్రష్షుతో ప్రత్యేక శ్రద్ధ తీసుకుంటుంది. ఏ నవాబు హయాంలో ఉన్నదీ చార్మినారుకే తెలియని పరిస్థితి వస్తుంది.

రాగి కానీల వైభవం ఇంకో రకం. చింతపండుకి గుప్పెడు కల్లుప్పు జోడించగానే ఐదో జార్జి చక్రవర్తి గోధుమ రంగు వదిలి, గులాబీ రంగులో పెళ్ళికొడుకై కూర్చుంటాడు. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ రంగు టంకశాలలో పుట్టినప్పటి రంగు కాదు, ఆమ్లం కొరికిన పచ్చిరాగి రంగు. అసలు ప్రమాదం ఉప్పులో ఉంది. అందులోని క్లోరైడు నాణెం గుంటల్లో దాక్కుంటుంది, ఎంత కడిగినా పూర్తిగా రాదు. వానాకాలపు చెమ్మ తగలగానే లేతపచ్చ పొడి కక్కడం మొదలెడుతుంది. తుడిస్తే పోతుంది. కొన్నాళ్ళకి మళ్ళీ అక్కడే వస్తుంది, ఈసారి గుంట ఇంకాస్త లోతుగా. విశాఖ, కాకినాడల్లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో అయితే మరీ హుషారుగా వస్తుంది. 1943లో మొదలైన చిల్లికానీలకి ఇది ఎక్కువ ముచ్చట, ఎందుకంటే ఉప్పు నక్కడానికి చిల్లు అంచు కూడా ఉందిగా.

ఇంతలో ఇంటర్ ఎంపీసీ చదివే కొడుకు వంటింట్లోకి దిగుతాడు. "అమ్మా, చింతపండు ఓల్డ్ మెథడ్. ఫాయిల్ పెట్టి సోడా వేసి వేణ్ణీళ్ళు పోస్తే చాలు, రుద్దక్కర్లేదు." నిజమే, రుద్దక్కర్లేదు. అల్యూమినియం ఆ గంధకాన్ని లాక్కుంటుంది, వెండి తిరిగి నాణెం మీదే కూర్చుంటుంది. కాకపోతే పోయిన చోటికే పద్ధతిగా రాదు, దొరికిన చోట గరుగ్గా అతుక్కుంటుంది. నీళ్ళలోంచి కుళ్ళిన కోడిగుడ్డు వాసన రావడం కూడా ఈ శాస్త్ర ప్రయోగంలో భాగమే. బామ్మ పరుగున వచ్చి "గ్యాస్ లీకవుతోందర్రా!" అని రెగ్యులేటరు కట్టేసి కిటికీలు తీయిస్తుంది. ఆ గందరగోళంలో 1960ల నాటి ఆరు పలకల మూడు పైసలు కూడా అదే గిన్నెలో పడతాయి. అది స్వయంగా అల్యూమినియం. వేడి సోడానీళ్ళు దాని పైపొరని కొరికేస్తాయి, బయటికొచ్చేసరికి బూడిద రంగు.

బామ్మకి ఇవేవీ నచ్చవు. వెండంటే విభూతే. అదీ కొబ్బరిపీచుతో. ఆవిడ దగ్గర కలశంలో వేసే రూపాయి ఒకటి వేరే ఉంది, ఏటా ఈ వ్రతానికి తళతళలాడాల్సిందే. 11.66 గ్రాముల బరువుతో పుట్టింది. దాని మీద ఏడాది 1911. ఆ ఏడాది రూపాయి మీద ఐదో జార్జి ఛాతీ దగ్గర, దుస్తుల అంచున, చిన్న ఏనుగు బొమ్మ ఉంటుంది. తొండం పొట్టిగా పడటంతో జనం దాన్ని పందనుకున్నారు, పెద్ద గొడవైంది. కొట్టిన నాణేల్లో చాలా భాగం వెనక్కి తీసి కరిగించారు. 1912కి తొండం సాగదీసి మళ్ళీ కొట్టారు. అందుకే సేకర్తలకి 1911 అంటే ప్రాణం. బామ్మగారి రూపాయి మీద ఇప్పుడు వివాదానికి తావే లేదు. అరవై శ్రావణాల విభూతి తర్వాత ఏనుగూ లేదు, పందీ లేదు.

తోమితే పోయేది బొమ్మ ఒక్కటే కాదు. అచ్చు దెబ్బ పడ్డప్పుడు లోహం మధ్య నుంచి అంచులకి పాకి, కంటికానని సన్నని గీతలు మిగుల్చుతుంది. వాడని నాణేన్ని దీపం కింద కాస్త వంచితే వెలుగు బండిచక్రం ఆకుల్లా గిర్రున తిరిగేది ఆ గీతల వల్లే. ఆమ్లం వాటిని కరిగిస్తుంది, పొడి వాటిని అరగదీస్తుంది. మళ్ళీ అచ్చు కింద పెడితే తప్ప అవి రావు.

కోఠీలో నాణేల వ్యాపారి దగ్గర పంచాయితీ అర నిమిషంలో తేలిపోతుంది. ఆయన అంచులు పట్టుకుని నాణేన్ని బల్బు కింద అటూ ఇటూ వంచుతాడు. ఖాళీ జాగాలో ఒకే దిక్కుకి పోయే సన్నని గీతలు, అక్షరాల సందుల్లో మాత్రం బ్రష్షు అందని నలుపు.

"ఇదేంది సార్, గిట్ల తోమిన్రు?"

"శుభ్రం చేయించానండీ."

"గిది వెండి తూకానికి తీసుకుంట. గ్రేడింగుకి పంపినా నంబరియ్యరు. 'క్లీన్డ్' అని రాసి డబ్బీల పెట్టి మల్ల పంపిస్తరు."

ఆ మాట నిజం. గ్రేడింగంటే నాణెం ఏ స్థితిలో ఉందో చూసి మార్కులేయడం. ఒకటి నుంచి డెబ్బై దాకా ఉండే ఆ కొలబద్దలో తోమిన నాణేనికి అంకె దక్కదు, 'డీటెయిల్స్' అనే ముద్ర ఒక్కటే దక్కుతుంది.

ఇంటాయన చివరి అస్త్రంగా జేబులోంచి పట్టుబట్టలో చుట్టిన మరొకటి తీస్తాడు. ఒకవైపు శ్రీరామ పట్టాభిషేకం, మరోవైపు ఈస్టిండియా కంపెనీ, 1818. దేవుడి బొమ్మ కదా అని దీన్ని మాత్రం ఎవరూ తోమలేదు. కంపెనీ ఇలాంటి నాణెం ఎన్నడూ కొట్టలేదు. పాత గుడి టంకాలను, అంటే పూజకి వాడే దేవుడి బొమ్మల బిళ్ళలను చూసి తర్వాతెప్పుడో జాతర్ల కోసం పోసిన బిళ్ళలివి, 1616, 1717 అని కూడా దొరుకుతాయి. డబ్బా మొత్తంలో చింతపండు పెట్టినా నష్టం లేనిది ఇదొక్కటే!

అసలేమీ చేయకూడదా అంటే, చేయొచ్చు, కానీ చేతులు కట్టుకుని. పసుపు, నెయ్యి, సెల్లోటేపు జిగురు, పాత ప్లాస్టిక్ ఆల్బమ్ వదిలే పచ్చ జిడ్డు, వీటికి స్వచ్ఛమైన ఎసిటోన్ చాలు. ల్యాబు రసాయనాలు అమ్మే దుకాణంలో దొరుకుతుంది. గోళ్ళరంగు తుడిచేది పనికిరాదు, అందులో నూనే రంగూ కలుస్తాయి. గాజుగిన్నెలో నాణెం మునిగేంత పోసి, మూతపెట్టి పది నిమిషాలు వదిలేయాలి. తర్వాత వేరే గిన్నెలో కొత్త ఎసిటోన్‌తో ఇంకోసారి. కిటికీలు తెరవాలి, పొయ్యీ దీపమూ దరిదాపుల్లో ఉండకూడదు. ప్లాస్టిక్ గిన్నె అయితే గిన్నే కరగొచ్చు. రుద్దకుండా తీసి గాలికి ఆరనివ్వాలి. ఎసిటోన్ నలుపు జోలికి వెళ్ళదు, దాని గొప్పతనమంతా అదే. ఉత్త మట్టి అయితే బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో ఓ రోజు నానబెడితే సరి. బోరునీళ్ళు వద్దు, లవణాలు మిగులుతాయి. దాచేటప్పుడు మెత్తగా వంగే పీవీసీ కవర్లూ, గంధకం వదిలే రబ్బరు బ్యాండ్లూ తీసేసి, పీఈటీ అనే పారదర్శక ప్లాస్టిక్ పొర ఉన్న అట్టల్లో పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లం వేస్తే చాలు.

ఇంటాయన ఇదంతా విని ఒకే ప్రశ్న వేస్తాడు: "పోయిన నలుపు మళ్ళీ పట్టించడం ఎలా?"

దానికీ సలహా ఇచ్చేవాళ్ళున్నారు. ఉడికించిన కోడిగుడ్డు కోసి, నాణేన్ని తగలకుండా పక్కన పెట్టి డబ్బా మూసేస్తే గంధకం తన పని తను చేస్తుంది. ముందు పసుపు, తర్వాత గోధుమ, ఆపైన నీలం. నూరేళ్ళ రంగు ఒక్కరోజులో! కాకపోతే తోముడు గీతలు రంగు కింద ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి, కోఠీ ఆసామి మళ్ళీ నవ్వుతాడు.

"శ్రావణమాసంలో గుడ్డు ఈ గడప దాటితే నేను కాశీకి పోతానురా" అంటుంది బామ్మ.

దాంతో గుడ్డూ చార్మినారూ ఒకే స్టీలు డబ్బాలో స్కూటరు సీటు కిందికి చేరతాయి. మూడో రోజు పెట్రోలు బంకులో ట్యాంకు మూత కోసం సీటు ఎత్తగానే కుర్రాడు గొట్టం వదిలేసి రెండడుగులు వెనక్కేస్తాడు.

"సార్, పెట్రోలు తర్వాత కొట్టించుకుందురుగాని. లోపల ఏం చచ్చిందో చూడండి ముందు."